రెక్క, అయస్కాంతం, రాగితీగ: సొంతంగా కట్టుకున్న గాలిమరల చరిత్ర

ఇంటి దీపాల కోసం సొంత చేతులతో కట్టుకున్న గాలిమరల చరిత్రను పరిశీలిస్తే, వాటి జయాపజయాలను నిర్ణయించింది రెక్కల పొడవో అయస్కాంతాల బలమో కాదనీ, రెక్క తిరిగే వేగానికీ అయస్కాంత బలానికీ రాగితీగ చుట్ల సంఖ్యకూ మధ్య కుదిరిన పొందిక అనీ తెలుస్తుంది. ఈ మూడింటిలో ఏదో ఒకటి ప్రతి కాలంలోనూ అంగట్లోనో పాత ఇనుప సామాను కొట్లోనో సిద్ధంగా దొరికేది. తక్కిన రెండింటినీ దానికి అనుగుణంగా మలచుకోవడమే కట్టేవారి పని అయ్యేది. అలా దొరికే వస్తువు మారినప్పుడల్లా లెక్క మారింది, లెక్కతో పాటు యంత్రం రూపమూ మారింది.

ఈ లెక్కలో ఒక సగాన్ని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం ఇస్తుంది. తీగచుట్ట ముందు నుంచి అయస్కాంతం కదిలిపోతే తీగలో వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజి అయస్కాంత క్షేత్రం బలాన్ని బట్టి, చుట్ల సంఖ్యను బట్టి, కదలిక వేగాన్ని బట్టి పెరుగుతుంది. మూడింటిలో ఒకటి తగ్గితే మిగిలిన రెండూ ఆ లోటును పూడ్చవలసిందే. నిమిషానికి వేయి భ్రమణాలు చేసే యంత్రానికి కొద్దిపాటి చుట్లూ మామూలు అయస్కాంతమూ సరిపోతాయి గాని, నిమిషానికి రెండు వందల భ్రమణాలతో అదే వోల్టేజి రావాలంటే చుట్లయినా పెంచాలి, అయస్కాంతాలయినా పెంచాలి. చుట్లు పెంచితే తీగ పొడవు పెరుగుతుంది, అది ఉన్న చోటులోనే పట్టాలంటే తీగను సన్నం చేయాలి, సన్నటి పొడుగు తీగకు విద్యుత్ నిరోధం ఎక్కువ కాబట్టి ఆ మేరకు శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. తెలుగు పల్లెల్లో కాలిపోయిన పంపుసెట్టు మోటారుకు వైండింగ్ చుట్టే పనివారికి ఈ బేరం కొత్త కాదు. పాత తీగ గేజీ చూసుకుని, చుట్లు లెక్కపెట్టుకున్నాకే వారు కొత్త తీగను ముట్టుకుంటారు.

రెండో సగం గాలిది. వీచే గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది; అంటే వేగం రెట్టింపయితే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ శక్తిలో గరిష్ఠంగా 59.3 శాతాన్ని మాత్రమే ఏ రెక్కలైనా గ్రహించగలవని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే నిరూపించాడు. ఆ హద్దుకు దరిదాపుల్లోకి రావడానికైనా రెక్క గాలివేగానికి తగిన వేగంతోనే తిరగాలి. రెక్క కొన పోయే వేగాన్ని గాలివేగంతో భాగిస్తే వచ్చేదాన్ని కొన వేగ నిష్పత్తి అంటారు. నీళ్లు తోడే బహుళ రెక్కల చక్రాలకు ఇది 1కి అటూఇటూగా ఉంటుంది, సన్నని మూడు రెక్కల యంత్రాలకు 5 నుంచి 7 వరకు ఉంటుంది. నిండుగా రెక్కలున్న చక్రం నెమ్మదిగా తిరిగినా బరువైన పనిని బలంగా ఈడుస్తుంది. రెక్కలు తగ్గేకొద్దీ ఈడ్చే బలం తగ్గి వేగం పెరుగుతుంది. బావిలోని పంపు కోరేది బలం, జనరేటర్ కోరేది వేగం. తొలితరం ప్రయోగాలన్నీ ఈ తేడా దగ్గరే తడబడ్డాయి.

1887లో స్కాట్లండ్‌లోని మేరీకిర్క్ గ్రామంలో తన విడిది ఇంటి తోటలో గుడ్డ తెరచాపల గాలిమరను నిలబెట్టి, దానితో బ్యాటరీలు నింపి దీపాలు వెలిగించిన గ్లాస్గో ఆచార్యుడు జేమ్స్ బ్లైత్‌ను ఈ చరిత్రకు ఆద్యుడిగా చెప్పుకోవచ్చు. మిగులు విద్యుత్తును ఊరి వీధి దీపాలకు ఇస్తానంటే గ్రామస్థులు దాన్ని సైతాను పనిగా భావించి వద్దన్నారని చెబుతారు. మరుసటి ఏడాది అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరంలో చార్లెస్ బ్రష్ తన భవనం పెరట్లో కట్టించిన యంత్రం మాత్రం మరో కొలతకు చెందినది: 17 మీటర్ల వ్యాసం గల చక్రం, దేవదారు జాతి చెక్కతో చేసిన 144 రెక్కలు, 12 కిలోవాట్ల డైనమో. ఆర్క్ దీపాలతో, డైనమోలతో సంపద గడించిన బ్రష్‌కు సిద్ధంగా ఉన్న వస్తువు డైనమోయే. నిండు పనిలో అది నిమిషానికి 500 భ్రమణాలు కోరుతుంది. నీళ్లు తోడే చక్రం నమూనాలో కట్టిన ఆయన రెక్కల చక్రమో నిమిషానికి పది భ్రమణాల ప్రాంతంలో కదిలేది. మధ్యనున్న యాభై రెట్ల దూరాన్ని కప్పీలతో, బెల్టులతో పూడ్చవలసి వచ్చింది. ఆ యంత్రం ఇరవై ఏళ్ల పాటు పనిచేసిందంటే కారణం బ్రష్ నైపుణ్యమూ, ఆయన పెట్టగలిగిన ఖర్చూను. అంత చక్రం నుంచి 12 కిలోవాట్లే రావడం మాత్రం పొందిక లోపానికి గుర్తు.

రెక్కలను తగ్గించి వేగం పెంచాలన్న సంగతిని కొలతలతో తేల్చినవాడు డెన్మార్క్‌లోని అస్కోవ్ జానపద పాఠశాల ఉపాధ్యాయుడు పౌల్ లా కూర్. 1891 నుంచి ప్రభుత్వ సహాయంతో ప్రయోగాలు సాగించి, చిన్న గాలి సొరంగంలో నమూనా రెక్కలను పరీక్షించి, విద్యుత్ పనికి వేగంగా తిరిగే కొద్దిపాటి రెక్కలే మేలని ఆయన చూపాడు. 1903లో ఆయన చొరవతో ఏర్పడిన గాలి విద్యుత్ సంఘం గ్రామీణ యువకులకు ఈ పనిలో శిక్షణ ఇచ్చింది. తర్వాతి కాలంలో డెన్మార్క్ ఈ రంగంలో ముందు నిలవడానికి ఊరూరా ఈ లెక్క తెలిసిన పనివారు ఉండడం ఒక ముఖ్య కారణం.

అయితే సామాన్యుడి గాలిమర నిజంగా పుట్టింది అమెరికా మైదాన ప్రాంతాల పొలాల్లో, 1920ల తర్వాత. అప్పటికి రైతుల ఇళ్లకు మోటారు కారు వచ్చింది, రేడియో వచ్చింది, విద్యుత్ తీగ మాత్రం రాలేదు. 1930ల మధ్యనాటికి కూడా పదింట ఒక పొలానికే విద్యుత్ సౌకర్యం ఉండేది. రేడియో బ్యాటరీ నింపుకోవడానికి దాన్ని పట్నానికి మోసుకుపోవడం కన్నా, పాత కారు జనరేటర్‌కు ఒక చెక్క పంకా బిగించి ఇంటి కప్పు మీద నిలబెట్టడం నయమని చాలామందికి తోచింది. ఇక్కడ సిద్ధ వస్తువు కారు జనరేటర్. ఇంజనుతో పాటు గిరగిర తిరగడానికి తయారైనది కనుక అది నిమిషానికి వేయి భ్రమణాల ప్రాంతం చేరితేగాని బ్యాటరీని నింపదు. అంత వేగం రావాలంటే రెక్కలు పొట్టిగా, సన్నగా, రెండే ఉండాలి; పొట్టి రెక్కలు ఊడ్చే వృత్తం చిన్నది గనుక పట్టే శక్తీ స్వల్పమే. అయోవా రాష్ట్రంలో ఆల్బర్స్ సోదరులు ప్రారంభించిన విన్‌చార్జర్ సంస్థ ఈ పరిమితిని అంగీకరించి, ఒక రేడియోకూ రెండు మూడు దీపాలకూ సరిపడే 6 వోల్టుల యంత్రాలు తయారుచేసింది. 1935 తర్వాత జెనిత్ రేడియో కొన్నవారికి అవి 10 డాలర్లకే దక్కేవి.

అంతకన్నా ఎక్కువ ఆశించినవారు జనరేటర్ లోపలి తీగనే మార్చుకున్నారు. మినియాపొలిస్‌కు చెందిన లీజే సంస్థ ప్రచురించిన చేతిపుస్తకం వంటివి, పాత కారు జనరేటర్‌ను విప్పి, మందపాటి తీగకు బదులు సన్నటి తీగను ఎక్కువ చుట్లుగా చుడితే అది తక్కువ వేగంలోనే బ్యాటరీని నింపడం మొదలుపెడుతుందని బొమ్మలతో సహా నేర్పాయి. ఇంటి పెరట్లో ఫారడే సూత్రాన్ని అక్షరాలా ఆచరించడం ఇదే. దానికి ప్రతిఫలంగా కోల్పోయేదీ ఉంది: సన్నటి తీగ పెద్ద కరెంటును భరించలేదు, గాలి జోరందుకున్న రోజున యంత్రం ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి తగ్గిపోతుంది. గాలి అరుదుగా జోరుగా వీచే చోట ఈ బేరం లాభసాటి, ఎప్పుడూ హోరెత్తే చోట నష్టం.

సమస్యను తిరగేసి చూసినవారు మోంటానా రాష్ట్రపు పశువుల పెంపక క్షేత్రంలో పెరిగిన మార్సెలస్, జో జేకబ్స్ సోదరులు. వారూ మొదట నీళ్లు తోడే చక్రానికి ఫోర్డ్ మోడల్ టీ కారు వెనుక ఇరుసును తగిలించి జనరేటర్‌ను తిప్పి చూశారు. చక్రం నెమ్మది, గేర్ల రాపిడి ఎక్కువ, ఫలితం కొద్ది. విమానం నడపడం నేర్చిన మార్సెలస్, యుద్ధ కాలపు మిగులు విమాన పంకాను పెట్టి చూసినప్పుడు వేగం వచ్చింది గాని మరో చిక్కు ఎదురైంది. రెండు రెక్కల పంకా నిలువుగా ఉన్నప్పుడు గోపురం మీద యంత్రం సులువుగా పక్కకు తిరుగుతుంది, అడ్డంగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది; గాలి దిశ మారినప్పుడల్లా ఈ తేడా వల్ల కుదుపులు పుట్టి యంత్రాన్ని విరగ్గొడతాయి. మూడు రెక్కలతో ఆ కుదుపు పోయింది. ఆ తర్వాత వారు చేసిన పనే చరిత్రలో మలుపు: అంగట్లోని జనరేటర్‌కు తగిన రెక్కను వెతకడం మాని, రెక్కకు తగిన జనరేటర్‌ను నిర్మించారు. దాదాపు 14 అడుగుల వ్యాసం గల రెక్కలు నేరుగా జనరేటర్ ఇరుసు మీదే కూర్చుని, నిమిషానికి 225 భ్రమణాల ప్రాంతంలోనే నిండు శక్తిని ఇచ్చేలా దాన్ని రూపొందించారు. నెమ్మది వేగానికి తగ్గట్టు రాగి, ఇనుము ఎక్కువ పట్టాయి, బరువూ ధరా పెరిగాయి. గేర్లు మాత్రం అక్కర లేకపోయాయి.

జేకబ్స్ యంత్రంలో అంతకన్నా సూక్ష్మమైన విశేషం మరొకటి ఉంది. నాటి జనరేటర్లలో శాశ్వత అయస్కాంతాలు ఉండేవి కావు. యంత్రం తానే పుట్టించిన కరెంటులో కొంత ప్రత్యేక తీగచుట్టల్లో పారి, వాటి నడుమనున్న ఇనుప ధ్రువాలను అయస్కాంతాలుగా మార్చేది. గాలి మందంగా ఉన్నప్పుడు ఈ అయస్కాంతత్వం బలహీనంగా ఉండి రెక్కలను స్వేచ్ఛగా తిరగనిస్తుంది, వేగం పెరిగేకొద్దీ బలపడి భారాన్ని పెంచుతుంది. గాలి శక్తి ఘనంగా పెరిగే తీరుకు జనరేటర్ భారం పెరిగే తీరు వీలైనంత దగ్గరగా ఉండేటట్లు ధ్రువాల లోహాన్ని ఎంచుకున్నానని మార్సెలస్ తర్వాతి కాలంలో వివరించాడు. 1933లో అడ్మిరల్ బర్డ్ యాత్రతో అంటార్కిటికా వెళ్లిన ఇటువంటి యంత్రం రెండు దశాబ్దాల తర్వాత కూడా తిరుగుతూ కనిపించిందని ఆయన చెప్పుకునేవాడు. అయితే 1935లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ తీగలు పొలాలకు చేరేసరికి ఇటువంటి యంత్రాలకు గిరాకీ క్షీణించింది, 1950ల మధ్య దాటేసరికి జేకబ్స్ కర్మాగారమూ మూతపడింది.

1973 చమురు సంక్షోభం తర్వాత ఈ విద్యకు రెండో జన్మ కలిగింది. డెన్మార్క్‌లో క్రిస్టియన్ రీసేగర్ అనే వడ్రంగి పెరట్లో కట్టిన 22 కిలోవాట్ల యంత్రం మామూలు కర్మాగారపు మోటారునే జనరేటర్‌గా వాడి విద్యుత్ గ్రిడ్‌కు కలిసి, తర్వాతి పెద్ద పరిశ్రమకు దారితీసింది. గ్రిడ్ వేగాన్ని స్థిరపరుస్తుంది కనుక దాని పొందిక కథ వేరు. బ్యాటరీలను నమ్ముకున్న ఇంటి యంత్రాల కథ సాగింది స్కాట్లండ్ వాయవ్య తీరంలోని స్కోరైగ్ అనే ద్వీపకల్పంలో. రోడ్డు లేదు, పడవలోనో కాలిబాటనో చేరాలి. విద్యుత్ తీగ లేదు. గాలి మాత్రం కావలసినంత ఉంది. 1970లలో అక్కడ స్థిరపడిన హ్యూ పిగ్గాట్ పాత వాహనాల విడిభాగాలతో తన ఇంటికీ ఇరుగుపొరుగుకూ యంత్రాలు కట్టడం మొదలుపెట్టాడు.

ఆ నాటికి కార్లలో డైనమో స్థానాన్ని ఆల్టర్నేటర్ ఆక్రమించింది. ఏకాంతర విద్యుత్తును పుట్టించి, సిలికాన్ డయోడ్ల ద్వారా ఏకముఖంగా మార్చే ఈ పరికరం చవక, తేలిక. కాని దానికీ వేయికి పైబడిన భ్రమణాలు కావాలి, పైగా దాని అయస్కాంతపు చుట్టకే కొన్ని పదుల వాట్ల కరెంటు ఖర్చవుతుంది. మందపు గాలిలో మొత్తం రాబడే అంతంత మాత్రం. శాశ్వత అయస్కాంతం వాడితే ఆ ఖర్చు ఉండదు. 1950లలో వాడుకకు వచ్చిన ఫెరైట్ అయస్కాంతాలు చవకైనవి గాని బలహీనమైనవి. వ్యాను బ్రేకు డ్రమ్ము లోపలి అంచున వాటిని వరుసగా అతికించి, నెమ్మదిగా తిరిగే జనరేటర్ తయారుచేసే పద్ధతిని పిగ్గాట్ 1990లలో ప్రచారంలోకి తెచ్చాడు. ఈలోగా 1980ల ఆరంభంలో జపాన్‌లోని సుమిటోమో ప్రత్యేక లోహాల సంస్థలో మసాటో సగావా, అమెరికాలోని జనరల్ మోటార్స్ పరిశోధకులు దాదాపు ఒకేసారి నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతాన్ని కనుగొన్నారు. దాని ధర సామాన్యులకు అందుబాటులోకి వచ్చేసరికి ఇంటి గాలిమర ఆకారమే మారిపోయింది.

ఆ కొత్త ఆకారం ఇది. రెండు ఉక్కు పళ్లేల అంచున అయస్కాంతాలను ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా అమర్చి, పళ్లేలను ఎదురెదురుగా నిలిపి, మధ్య సందులో రెసిన్‌లో పోతపోసిన తీగచుట్టల బిళ్లను కదలకుండా బిగిస్తారు. తిరిగేది అయస్కాంతాలు, నిలిచేది తీగలు. కరెంటును బయటికి తేవడానికి రాసుకునే బ్రష్షులు అక్కరలేదు. చుట్టల మధ్య ఇనుము లేదు కనుక అయస్కాంతాలు దేనికీ అతుక్కుని ఆగవు, రెక్కలు పిల్లగాలికే కదులుతాయి. ఇనుము లేనందువల్ల తగ్గే క్షేత్రబలాన్ని నియోడిమియం భర్తీ చేస్తుంది. ఫెరైట్ రోజుల్లో ఇది కష్టసాధ్యం.

స్కోరైగ్ నమూనాలో బాగా వ్యాప్తిలోకి వచ్చిన అమరిక పళ్లేనికి 12 అయస్కాంతాలు, మధ్యలో 9 చుట్టలు. ఈ అంకెల్లో యాదృచ్ఛికం లేదు. అయస్కాంతాల ఎడం 30 డిగ్రీలు, చుట్టల ఎడం 40 డిగ్రీలు. కాబట్టి ఒక చుట్ట సరిగ్గా అయస్కాంతం కింద ఉన్నప్పుడు పక్క రెండు చుట్టలూ వేర్వేరు దశల్లో ఉంటాయి, నాలుగోది మాత్రం మళ్లీ మొదటిదానితో కలుస్తుంది. 1, 4, 7 చుట్టలను వరుసగా కలిపితే ఒక ఫేజు, 2, 5, 8 కలిపితే రెండోది, 3, 6, 9 కలిపితే మూడోది అవుతాయి. మూడు ఫేజులు వంతులవారీగా అందుకోవడం వల్ల యంత్రం అదరకుండా సాఫీగా తిరుగుతుంది. 12 వోల్టుల బ్యాటరీకి బదులు 48 వోల్టుల బ్యాటరీ కావాలంటే అయస్కాంతాలనూ రెక్కలనూ ముట్టుకోనక్కరలేదు. అదే బరువు రాగిని అడ్డుకోత వైశాల్యం నాలుగో వంతు ఉన్న తీగగా నాలుగు రెట్లు చుట్లు చుడితే చాలు.

రెక్కకూ ఈ జనరేటర్‌కూ లంకె ఎక్కడ పడుతుందో ఒక లెక్క చూపుతుంది. 2.4 మీటర్ల వ్యాసం గల మూడు రెక్కల యంత్రం సెకనుకు 3 మీటర్ల గాలిలో, కొన వేగ నిష్పత్తి 7 అనుకుంటే, నిమిషానికి సుమారు 167 భ్రమణాలు చేస్తుంది. ఆ వృత్తం గుండా పోయే గాలిలో ఉన్న మొత్తం శక్తి 75 వాట్లే. కనుక ఆ 167 భ్రమణాల దగ్గర వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని అందుకునేలా చుట్లు వేస్తే, అంతకన్నా మందమైన గాలిలో వదులుకునేది ఏమంత లేదు. చుట్లు తక్కువైతే బ్యాటరీ నింపడం ఆలస్యంగా మొదలై, ఊరికే తిరిగే రోజులు పెరుగుతాయి. ఎక్కువైతే రెక్కలు వేగం పుంజుకోకముందే భారం మీద పడుతుంది.

నియోడిమియం తెచ్చిన కొత్త చిక్కు ఇంకా లోతైనది. అయస్కాంతం ఎంత బలమైనదైతే అంత మేలనుకుని కట్టిన యంత్రాలు అనేకం మందపు గాలిలో చక్కగా పనిచేసి, గాలి పెరిగాక నిరాశపరిచాయి. కారణం బ్యాటరీ స్వభావంలో ఉంది. బ్యాటరీ తన వోల్టేజిని దాదాపు కదలనివ్వదు. తీగ నిరోధం చాలా తక్కువగా ఉన్న బలమైన జనరేటర్‌ను దానికి కలిపితే, వేగం కొద్దిగా పెరగబోగానే కరెంటు ఒక్కసారిగా ఎగసి రెక్కలను వెనక్కి పట్టి ఉంచుతుంది. గాలి మూడింతలైనా రెక్కలు 167 దాటి ఎక్కువ పోలేవు. నెమ్మదించిన రెక్క మీదుగా గాలి ఒరుసుకుపోక సుడులు తిరిగి విడిపోతుంది, ఎత్తే బలం పడిపోతుంది. విమాన చోదకులు స్టాల్ అని పిలిచే స్థితి ఇదే. రెక్క బాగుంది, జనరేటర్ బాగుంది, రెండూ కలిసిన యంత్రం మాత్రం బాగాలేదు.

దీనికి కనుగొన్న విరుగుడు వినడానికి వింతగా ఉంటుంది: జనరేటర్ సామర్థ్యాన్ని కొంత చెడగొట్టడం. సెకనుకు 9 మీటర్ల గాలిలో కొన వేగ నిష్పత్తి 5కి దిగకుండా ఉండాలంటే పై యంత్రం సుమారు 358 భ్రమణాలు చేయాలి. అప్పుడు లోపల పుట్టే వోల్టేజి మొదటిదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. బ్యాటరీ తీసుకునేది అందులో సగంలోపే గనుక మిగతా సగం పైచిలుకు తీగల్లో వేడిగా ఖర్చు కావాలి. పళ్లేల మధ్య సందును కాస్త పెంచి క్షేత్రాన్ని బలహీనపరచడం, గోపురం నుంచి ఇంటికి వచ్చే తీగలో నిరోధం కలపడం వంటి ఉపాయాలన్నీ ఈ లెక్క నుంచి వచ్చినవే. సందు పెంచితే రెక్కలు మరింత వేగంగా తిరుగుతాయి, జనరేటర్‌లో నష్టం పెరుగుతుంది, అయినా రెక్కలు పట్టే శక్తి అంతకన్నా పెరిగి బ్యాటరీకి చేరేది ఎక్కువవుతుంది. హద్దు మీరితే తీగచుట్టలు మాడిపోతాయి కనుక, తుఫాను గాలిలో తోక మడిచి యంత్రమే గాలికి పక్కకు తప్పుకునే ఏర్పాటు తప్పనిసరి. జేకబ్స్ ఇనుప ధ్రువాల ద్వారా సాధించిన పొందికను శాశ్వత అయస్కాంతాల కాలం పోగొట్టుకుని, వేడి రూపంలో మూల్యం చెల్లించి తిరిగి కొనుక్కుందనడం అతిశయోక్తి కాదు. జనరేటర్‌కూ బ్యాటరీకీ మధ్య నిలిచి ప్రతి వేగంలోనూ తగినంత భారాన్నే వేసే ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాలు తర్వాత వచ్చి ఈ మూల్యాన్ని చాలావరకు తప్పించాయి, అయితే అవి పెరట్లో తయారయ్యేవి కావు.

పిగ్గాట్ చేతిపుస్తకాల ద్వారా ఈ నమూనా పెరూ, శ్రీలంక, సెనెగల్ వంటి దేశాలకు చేరింది. తమిళనాడులోని ఆరోవిల్‌లోనూ దీన్ని కట్టడం నేర్పిన శిబిరాలు జరిగాయి. అదే కాలంలో, ఈ పుస్తకాలతో సంబంధం లేకుండా, 2000ల ఆరంభపు కరువులో బడి మానిన మలావీ బాలుడు విలియం కమ్‌క్వాంబా గ్రంథాలయ పుస్తకం చూసి ట్రాక్టర్ పంకా, చదును చేసిన ప్లాస్టిక్ గొట్టాలు, సైకిల్ డైనమోలతో గాలిమర కట్టాడు. అక్కడ రెక్కకూ డైనమోకూ పొందిక కుదిర్చింది సైకిల్ గొలుసు, చక్రమే. బ్రష్ బెల్టులు చేసిన పనినే అవి చౌకగా చేశాయి.

2011లో చైనా ఎగుమతి పరిమితుల ఫలితంగా నియోడిమియం ధర అనేక రెట్లు పెరిగినప్పుడు కొందరు తిరిగి ఫెరైట్‌కు మళ్లారు. అయస్కాంతాలు పెద్దవయ్యాయి, పళ్లేలు బరువెక్కాయి, సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టే బాధ మాత్రం తప్పింది. ఆ తర్వాత సౌర ఫలకాల ధర ఎంతగా పడిపోయిందంటే, ఎండ పుష్కలంగా ఉన్న ఆంధ్ర, తెలంగాణ వంటి ప్రాంతాల్లో ఇంటి గాలిమరకు ఆర్థికంగా సమర్థన చూపడం కష్టం. స్కోరైగ్ వంటి ఉత్తరాది తీరాల్లో, చలికాలపు పగలు ఏడు గంటలకన్నా తక్కువే ఉండి గాలి రాత్రింబవళ్లు వీచే చోట, చేతితో చెక్కిన రెక్కలూ చేతితో చుట్టిన చుట్టలూ నేటికీ సౌర ఫలకాలకు తోడుగా బ్యాటరీలు నింపుతున్నాయి.